అమ్మడి పుట్టినరోజూ, అరకు ప్రయాణమూ

పుట్టినరోజంటే ఒక్కరోజే కదా అని మీరనుకోవచ్చు. మా ఇంట్లో అలా కాదు. మా అమ్మడికి ఏటా రెండు పుట్టినరోజులు. కార్తీక శుద్ధ పంచమి అత్తయ్యగారిది. నవంబరు 8వ తారీఖు బడివాళ్ళదీ, స్నేహితులదీ, మావారిదీ. ఈ రెంటి మధ్యా నలిగిపోయేదాన్ని నేను. తిథి నాడు పాయసం వండాలి, తారీఖు నాడు కేకు తేవాలి. ఒక్కొక్క ఏడు ఈ రెండు రోజులకీ మధ్య తొమ్మిది పది రోజుల దూరం వచ్చేస్తుంది. అన్నాళ్ళూ ఆ పిల్ల ఇంట్లో మహారాణి! కసిరితే, "నా పుట్టినరోజు ఇంకా అయిపోలేదు కదమ్మా" అంటుంది.

2024లో అమ్మడికి పదకొండు నిండాయి. ఆ ఏడు పంచమి బుధవారం, తారీఖు శుక్రవారం వచ్చాయి. పైగా మంగళవారం నాగుల చవితి. అత్తయ్యగారు నెల ముందే ఫోను చేసి, "ఇంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడొస్తాయో! అందరూ విశాఖపట్నం వచ్చెయ్యండి. వారం రోజులు ఇక్కడే ఉండాలి" అన్నారు. బెజవాడలో ఉద్యోగం చేసుకుంటున్న మావారికి వారం రోజుల సెలవు దొరకడం ఎంత కష్టమో ఆవిడకి తెలియక కాదు. తెలిసీ అంటారు.

ఇంతకీ ఏం కానుక కావాలని అడిగితే అమ్మడు గౌనూ అడగలేదు, గడియారమూ అడగలేదు. "తాతయ్యతో కలిసి అరకు రైలెక్కాలి" అంది.

మావారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. అడగరాని కోరికేదో పిల్ల అడిగేసినట్టు అయింది మా ఇద్దరికీ.

ఎందుకో చెబుతాను. మా మామగారు రైల్వేలో పనిచేసి 2001లో రిటైరయ్యారు. ఇప్పుడాయనకి ఎనభైమూడేళ్ళు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇరవై రెండేళ్ళ కుర్రవాడుగా, ఆయన కొత్తవలస - కిరండూల్ లైను మీద సర్వే ఓవర్సీరుగా కొండల్లో మూడేళ్ళున్నారు. ఆ లైను సంగతి ఇప్పటివాళ్ళకి అంతగా తెలియదు. అరకు చూడ్డానికి వేశారనుకుంటారు. కాదు. బస్తరులో బైలదిల్లా అనే కొండలున్నాయి. కొండ కొండంతా ఇనప రాయి. ఆ రాయి జపానువాళ్ళకి కావాలి. 1960లో మన ప్రభుత్వానికీ వాళ్ళకీ ఒప్పందం కుదిరింది. ఆ రాయిని విశాఖపట్నం రేవుకి దింపడానికి తూర్పు కనుమలని తొలిచి, నాలుగువందల నలభై కిలోమీటర్ల పైచిలుకు రైలుదారి వేశారు. మొత్తం 58 సొరంగాలు. అప్పట్లో ఆ కొండల్లో మలేరియా అంటే మామూలు జ్వరం కాదు, మనుషుల్ని మింగే జ్వరం. క్వినైను మాత్రలు మింగుతూ, గుడారాల్లో పడుకుంటూ, డైనమైటు పేలుస్తూ కట్టిన లైను అది.

అలాటి లైను మీద పనిచేసిన మనిషి, పని అయ్యాక మళ్ళీ ఒక్కసారైనా ఆ రైలెక్కలేదు. చేతిలో రైల్వే పాసు ఉండి కూడా! "కాశీ తీసికెళ్ళారు, రామేశ్వరం తీసికెళ్ళారు, హరిద్వారం కూడా తిప్పారు. ఇంటి పక్కనున్న అరకు మాత్రం చూపించలేదు" అని అత్తయ్యగారు నా పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. కారణం అడిగితే గొంతు తగ్గించి, "పెళ్ళికి ముందు సంగతి. కూడా పనిచేసే కుర్రాడెవరో అక్కడ పోయాడట. వానలకి నానిన కొండచరియ విరిగిందట. అంతకన్న నాకూ తెలీదమ్మా. యాభై ఏళ్ళ కాపురంలో ఆ ముక్క ఒకే ఒక్కసారి అన్నారు" అన్నారు.

ఇదీ సంగతి. సరే, తాతయ్య రాకపోయినా నువ్వూ అమ్మాడూ వెళ్ళండని మావారు ఫోనులో టిక్కెట్లు వెతికారు. ఆ పాసింజరు బండికి 2017 నుంచి అద్దాల పెట్టె ఒకటి తగిలిస్తున్నారు. కప్పు కూడా అద్దమే. ఆ పెట్టెలో శుక్రవారానికి సరిగ్గా రెండు సీట్లే దొరికాయి. "మీ ఇద్దరూ దాంట్లో దర్జాగా కూచోండి, మేం మామూలు పెట్టెలో తోసుకుంటూ వస్తాం" అన్నారాయన. చెప్పొద్దూ, నాకు లోలోపల సంతోషం వేసింది. ఇంటిపనీ వంటపనీ లేకుండా నా కూతురి పక్కన నాలుగు గంటలు కూచోడమంటే మాటలా!

సోమవారం మధ్యాహ్నానికి విశాఖపట్నం చేరాం. అత్తయ్యగారు ఇప్పటికీ దాన్ని వాల్తేరు స్టేషననే అంటారు. మర్రిపాలెంలో ఇల్లు. అడుగుపెట్టీ పెట్టగానే వంటింట్లో రోలు చప్పుడు. నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేస్తున్నారావిడ. మిక్సీ కొనిచ్చి ఆరేళ్ళయింది. "చిమ్మిలి మిక్సీలో వేస్తే నూనె కక్కుతుంది" అంటారు. ఆవిడ మాట నిజమే, నేను వేసి చూశాను.

మంగళవారం నాగుల చవితి. ఉత్తరాంధ్రలో ఈ పండుగ ఎంత గొప్పగా చేస్తారో చూసినవాళ్ళకే తెలుస్తుంది. తెల్లారేసరికి జనం చెంబులతో పాలు, పళ్ళాలతో చిమ్మిలీ, చలిమిడీ, వడపప్పూ పట్టుకుని పుట్టలు వెతుక్కుంటూ బయల్దేరతారు. దీపావళికి మిగిలిన మతాబులూ చిచ్చుబుడ్లూ పుట్ట దగ్గర కాలుస్తారు. ఊరు పెరిగి పుట్టలు తరిగిపోయాయి. మేం వెళ్ళిన పుట్టకి ఇరవై కుటుంబాలు వరస కట్టాయి. అంత పాలూ ఆ ఒక్క పుట్టలో పోస్తుంటే అమ్మడు, "పాము ఈత కొడుతోందేమో నాయనమ్మా" అంది. అత్తయ్యగారు కోప్పడబోయి, నవ్వేసి, దాని చెవులకి పుట్టమన్ను రాశారు.

బుధవారం తిథి పుట్టినరోజు. తెల్లవారుజామునే పిల్లకి నలుగు పెట్టి తలంటి పోశారు. తరవాత ఒక గ్లాసెడు పాలలో ఇన్ని నువ్వులూ, కాస్త బెల్లమూ కలిపి తాగించారు. చిరంజీవులు ఏడుగుర్నీ తలుచుకుని, మార్కండేయుడికి దణ్ణం పెట్టుకుని తాగాలి. అమ్మడు అశ్వత్థామ దగ్గర మొదలెట్టి విభీషణుడి దాకా బాగానే వచ్చి, కృపాచార్యుల దగ్గర ఆగిపోయింది. మామగారు అందించారు.

అప్పుడే అమ్మడు అడిగింది, "రెండు పుట్టినరోజులూ ఒకే రోజు ఎందుకు రావు తాతయ్యా?" అని. లెక్కల ప్రశ్న వేస్తే మామగారి ముఖం వెలిగిపోతుంది. పెళ్ళి శుభలేఖ ఒకటి తిరగేసి, వెనక పెన్సిలుతో వెయ్యడం మొదలెట్టారు. చంద్రుడి లెక్కన పన్నెండు నెలలంటే 354 రోజులు. సూర్యుడి లెక్కన ఏడాదికి 365. అంచేత తిథి ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. అలా జరుగుతూ పోతే దీపావళి వేసవిలో వస్తుంది. అది రాకుండా మనవాళ్ళు రెండున్నర మూడేళ్ళకోసారి ఒక అధికమాసం కలుపుతారు. "నువ్వు పుట్టాక నాలుగు అధికమాసాలొచ్చాయి. పదకొండేళ్ళలో వెనక్కి జరిగింది నూట ఇరవై రోజులు, ముందుకి తెచ్చింది నూట పద్ధెనిమిది. రెండ్రోజులు తేడా. అదే ఈ బుధవారానికీ శుక్రవారానికీ ఉన్న ఎడం" అన్నారు. "అచ్చంగా కలిసేది ఎప్పుడు?" అంటే, "పంతొమ్మిదేళ్ళకి. నీ పంతొమ్మిదో పుట్టినరోజుకి" అన్నారు.

"అప్పుడు నువ్వుంటావా తాతయ్యా?"

పిల్లలకి ఏది అడగాలో ఏది అడక్కూడదో తెలియదు. మావారు దగ్గారు. మామగారు మాత్రం పెన్సిలు చెవిలో పెట్టుకుని, "లెక్క వేసి చెప్పలేం" అన్నారు.

ఆ రోజే సింహాచలం వెళ్ళాం. పుణ్యక్షేత్రం గురించి ఎంతో మంది రాశారు గనక నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వైశాఖ శుద్ధ తదియ నాడు తప్ప ఏడాది పొడుగునా స్వామి చందనం ముద్దలోనే ఉంటాడు. గుడి పడమటి ముఖంగా ఉంటుంది. గోడల మీద ఎక్కడ చూసినా శాసనాలే. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కళింగ దండయాత్రలో ఇక్కడికి వచ్చి స్వామిని కొలిచాడు. ఇవన్నీ పిల్లకి చెబుదామని నేను ముందు రోజు చదువుకుని వెళ్ళాను. అదేమో కప్పస్తంభం దగ్గర నిలబడి, చేతులు చాచి కౌగలించుకుని, కళ్ళు మూసుకుని ఏదో కోరుకుంది. ఏం కోరుకున్నావే అంటే, "చెప్తే జరగదు" అంది. పోయినేడు దాకా ఏం కోరుకున్నా నా చెవిలో చెప్పేది. కొండ దిగేటప్పుడు సంపెంగలు కొని పెట్టాను. ఆటో అంతా ఒకటే వాసన.

గురువారం సాయంత్రం సముద్రపొడ్డుకి బయల్దేరాం. రామకృష్ణా బీచిలో ఒడ్డున ఇసక మీద కురుసుర అనే జలాంతర్గామి ఉంది. రష్యావాళ్ళు కట్టింది. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, ముప్ఫై ఒక్క సంవత్సరాలు నీళ్ళ కింద కొలువు చేసి, 2001లో విరమించింది. మరుసటేడు దాన్ని ఒడ్డుకి లాగి ప్రదర్శనశాల చేశారు. నేను బయటినుంచి ఎన్నోసార్లు చూశాను గాని లోపలికెప్పుడూ వెళ్ళలేదు. తొంభై ఒక్క మీటర్ల పొడుగు. చెబితే చాలా పెద్దదే అనిపిస్తుంది. లోపలికెళితే మనిషి పక్కకి తిరిగితేగాని పట్టని సందు. ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి కంతల్లోంచి దూరాలి. అటూ ఇటూ గొట్టాలు, చక్రాలు, గడియారాల్లాంటి మీటర్లు. డెబ్భై మందికి పైగా మనుషులు వారాల తరబడి దాంట్లో బతికేవారట. అత్తయ్యగారు పమిట బిగించి ఒక్కొక్క కంతలోంచీ నన్ను మించి చలాకీగా దూరారు. వంటగది దగ్గర ఆగి, "డెబ్భై మందికి ఇంతలో వండేవారా! ఇంక నువ్వు నీ వంటిల్లు ఇరుకని అనకు" అని నాకు చురక అంటించారు.

వెనక్కి చూస్తే మామగారు కనిపించలేదు. అమ్మడూ కనిపించలేదు. గాబరా పడి కాపలా అతన్ని అడిగితే, "పెద్దాయనకి చెమటలు పోశాయమ్మా. పాప చెయ్యి పట్టుకుని బయటికి తీసికెళ్ళింది" అన్నాడు.

మిగతాది ఏం చూశామో నాకు గుర్తు లేదు. గబగబా బయటపడ్డాం. ఇద్దరూ గోడ మీద సముద్రం వైపు తిరిగి కూచుని ఉన్నారు. అమ్మడి చేతిలో మొక్కజొన్న పొత్తు ఉంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. మమ్మల్ని చూసి మామగారు లేచి, పంచె దులుపుకుని, మావారితో అన్నారు:

"రేపు బండి ఎన్నింటికిరా?"

మావారికి నోట మాట రాలేదు. అత్తయ్యగారే తేరుకుని, "ఏడింటి లోపలేనట. మీరు వస్తారా ఏమిటి?" అన్నారు.

"పుట్టినరోజు పిల్ల అడిగింది. కాదనడం దేనికి?"

రాత్రి ఇంట్లో అసలు సమస్య తలెత్తింది. అద్దాల పెట్టెలో రెండే సీట్లు. అవి నావీ, అమ్మడివీ. నేను నోరు విప్పేలోగా అమ్మడే తేల్చేసింది, "అమ్మా, నువ్వు నాన్నగారితో రా. తాతయ్యకి కిటికీ కావాలి" అని. న్యాయమైన మాటే. ఎనభైమూడేళ్ళ మనిషిని మామూలు పెట్టెలో నిలబెడతామా? అయినా నిజం చెబుతున్నాను, నాకు కాస్త కష్టంగానే అనిపించింది. పళ్ళపొడి డబ్బా కనబడలేదని ఆ కోపం మావారి మీద చూపించాను.

శుక్రవారం చీకటితోనే స్టేషనుకి చేరాం. ముందు రోజు కొన్న గుడ్డు లేని కేకు అట్టపెట్టెలో మావారి ఒళ్ళో. పులిహోర క్యారేజీ నా ఒళ్ళో. చిమ్మిలి డబ్బా అత్తయ్యగారి ఒళ్ళో. మామగారు ఉతికిన పంచె, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నారు. అమ్మడు ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుంది. సొరంగాలు లెక్కపెట్టడానికి. వాళ్ళని అద్దాల పెట్టెలో కూచోబెట్టి మేం వెనక్కి పరుగెత్తాం.

కొత్తవలస దాకా మామూలు రైలే. అక్కడ మద్రాసు - హౌరా దారి వదిలేసి బండి ఎడమకి తిరుగుతుంది. లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర. పచ్చటి వరి చేలు, తాటిచెట్లు. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. ఇంజను మూలుగు మారిపోతుంది. అక్కణ్ణించి బండి పాము మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. ఒక మలుపులో కిటికీలోంచి చూస్తే మన బండి ఇంజనే మనకెదురుగా కొండ అవతలి పక్క కనిపిస్తుంది. కింద లోయలో ఇందాక మనం దాటి వచ్చిన పట్టాలు సన్నటి గీతలా ఉంటాయి. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి. పేర్లు చదువుతుంటేనే చల్లగా ఉంటుంది. ఖాళీ వాగన్ల గూడ్సు బండి ఒకటి ఆగి ఉంది, మాకు దారి ఇస్తూ. ఇనప రాయి దించి మళ్ళీ బైలదిల్లా వెళుతోందది. అన్నేళ్ళ నాడు వేసిన దారిలో ఇప్పటికీ అదే రాయి, అదే రేవుకి.

మొదటి సొరంగం వచ్చేసరికి మా పెట్టెలో పిల్లలంతా ఒక్కసారి కేకలు పెట్టారు. చీకట్లో ఆ కేకలు గోడలకి కొట్టుకుని తిరిగొస్తాయి. వెలుతురు రాగానే అందరూ నవ్వుకుంటారు. మళ్ళీ సొరంగం, మళ్ళీ కేకలు. మావారు కూడా పిల్లలతో సమానంగా అరిచారు. అత్తయ్యగారు మాత్రం చీకటి పడ్డప్పుడల్లా చిమ్మిలి డబ్బా గట్టిగా పట్టుకుని పెదవులు కదుపుతున్నారు.

ఒక పెద్ద సొరంగంలో బండి మెల్లగా పోతుంటే నాకు తోచింది, ఈ గోడని ఎవరో సుత్తితో, ఉలితో చెక్కారు కదా అని. తడి రాతి మీద మా కిటికీల దీపాలు మెరుస్తూ పోతున్నాయి. ఆ పోయిన కుర్రాడు ఏ సొరంగంలో పోయాడో మాకెవరికీ తెలియదు. ఇదే కావచ్చు, దీనికి ముందుది కావచ్చు. ఆరు పెట్టెల అవతల నా కూతురు ఆ చీకట్లో మామగారి పక్కన కూచుని ఉంది. నేను కేకలు వినడం మానేశాను.

బొర్రా గుహల స్టేషనులో సగం బండి ఖాళీ అయిపోయింది. సీతాఫలాల బుట్టలతో ఆడవాళ్ళు కిటికీల దగ్గరికొచ్చారు. తరవాత కరకవలస, ఆ పైన శిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. కొత్తవలస నుంచి నూరు కిలోమీటర్ల లోపలే అంత ఎత్తు ఎక్కేస్తుంది బండి. కాశ్మీరులో రైలు పడేదాకా దేశంలో బ్రాడ్ గేజి మీద అన్నిటికన్న ఎత్తయిన స్టేషను ఇదే అని చెప్పుకునేవారు. అక్కణ్ణించి దారి కొంచెం దిగుతుంది. హఠాత్తుగా కొండలు పక్కకి తప్పుకుంటాయి. ఎదురుగా అరకు లోయ.

ఆ రోజుల్లో వలిసెలు పూస్తాయి. మీరెప్పుడైనా వెళితే నవంబరులోనే వెళ్ళండి. నూనెగింజల పంట అది, తోటలో వేసే పువ్వు కాదు. అయినా ఏ తోటకి వస్తుందా అందం! ఎర్రమట్టి కొండ వాలుల మీద పసుపు బట్టలు ఆరేసినట్టు మళ్ళు మళ్ళుగా పరుచుకుని ఉంటుంది.

అరకు ప్లాట్‌ఫారం మీద నేను పరుగులాంటి నడకతో అద్దాల పెట్టె దగ్గరికి వెళ్ళాను. ముందు అమ్మడు దిగింది. తరవాత దాని భుజం మీద చెయ్యి వేసుకుని మామగారు దిగారు. నేను ఆయన ముఖంలోకి చూశాను, ఏమైనా కనిపిస్తుందేమోనని. ఏమీ కనిపించలేదు. "ఇక్కడ మంచి కాఫీ దొరుకుతుందంటారు, ఎక్కడరా?" అన్నారు మావారితో.

అరకు కాఫీ గురించి ఇప్పుడు చెప్పక్కర్లేదు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సిల్వర్ ఓకు చెట్ల నీడలో, ఆ చెట్లకి మిరియాల తీగలు అల్లించి, కింద కాఫీ మొక్కలు పెంచుతారు గిరిజన రైతులు. కొట్టు ముందు బల్ల మీద మా కేకు పెట్టె తెరిచాం. సొరంగాల కుదుపులకి కేకు ఒక మూలకి జరిగి, పైన రాసిన అక్షరాలు సగం అట్టకి అంటుకుపోయాయి. గాలికి కొవ్వొత్తి నిలవలేదు. మూడుసార్లు వెలిగించి, నాలుగోసారికి వెలిగిందనుకుని ఊదించాం. అక్కడ ఆడుకుంటున్న పిల్లలందరికీ కేకూ, చిమ్మిలీ పంచాం. వాళ్ళకి కేకు కంటె చిమ్మిలే నచ్చిందని అత్తయ్యగారు ఆ తరవాత కనీసం పదిసార్లు చెప్పారు. వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసం వాసన రోడ్డు పొడుగునా వస్తుంటే మావారు మెడ తిప్పి తిప్పి చూశారు. కార్తీకమాసం, పక్కన తల్లి. పాపం, పులిహోర తిన్నారు.

గిరిజన ప్రదర్శనశాలా, పద్మాపురం తోటా చూశాం. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిన తోట అది. తిరుగు ప్రయాణం వ్యానులో, రోడ్డు మీద. దారిలో బొర్రా గుహల దగ్గర ఆగాం. మెట్లు దిగలేక పెద్దవాళ్ళిద్దరూ పైనే ఉండిపోయారు. సున్నపురాతిలోంచి నీటి చుక్క కారి కారి, కప్పునుంచి దిగిన రాయీ, నేలనుంచి లేచిన రాయీ వేల ఏళ్ళకి ఎక్కడో కలుసుకుంటాయి. కొన్ని ఇంకా బెత్తెడు దూరంలో ఆగి ఉన్నాయి. అమ్మడు అలాటి రెండు రాళ్ళ కింద చాలాసేపు నిలబడింది.

అక్కడ, మేమిద్దరమే ఉన్నప్పుడు, ఇంక ఉండబట్టలేక అడిగేశాను. "రైల్లో తాతయ్య ఏమైనా చెప్పారా అమ్మడూ?"

"చెప్పారు."

"ఏం చెప్పారు?"

అది నా వైపు చూసింది. ఎప్పుడూ అలా చూడలేదు. "నాకు చెప్పారమ్మా. నీకు చెప్పమని చెప్పలేదు" అంది. పెంకితనం కాదు. ఎంతో మెత్తగా అంది. తరవాత నా చెయ్యి పట్టుకుని, మెట్ల దగ్గర జారుతుందేమో చూసుకోమంది.

నాకు కోపం రాలేదు. ఏం వచ్చిందో చెప్పలేను. ఇంటికొచ్చాక రాత్రి అత్తయ్యగారికి కాళ్ళు పడుతూ ఈ సంగతి చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "పోన్లే. ఎవరో ఒకరికి చెప్పారు కదా" అన్నారు చివరికి. ఆ గొంతులో నాకున్నలాటి నొప్పే కాస్త ఉంది. ఆవిడది యాభై అయిదేళ్ళ నొప్పి, నాది ఒక్క పూటది.

శనివారం ఎక్కడికీ కదల్లేదు. మామగారు మధ్యాహ్నం దాకా నిద్రపోయారు. ఆయన అంతసేపు పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. లేచాక అమ్మడూ ఆయనా వరండాలో కూచుని, ఆయన దగ్గరున్న పాత సర్వే టేపుతో ఇంటి చుట్టుకొలత తీశారు. గోడ ఒక పక్క అంగుళం వంకరగా ఉందని తేల్చారు. ఇల్లు కట్టి ముప్ఫై ఏళ్ళయింది, ఇప్పుడేం చేస్తారు!

ఆదివారం ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే అమ్మడి గౌను జేబులోంచి ఆ నోటుపుస్తకం కింద పడింది. తెరవకూడదని తెలుసు, అయినా తెరిచాను. తల్లిని కదా. అయిదేసి గీతలుగా గీసి సొరంగాలు లెక్కపెట్టింది. ముప్ఫై దాటాక ఎక్కడో లెక్క తప్పి, కొట్టేసి, మళ్ళీ రాసింది. ఆ గీతల్లో ఒకదాని చుట్టూ సున్నా చుట్టి ఉంది. అది మామగారి పెన్సిలుది, గట్టిగా ఒత్తి గీసింది. దాని పక్కన అమ్మడి దస్తూరీలో ఒక మగపిల్లవాడి పేరు, దాని కింద "22 ఏళ్ళు" అని ఉన్నాయి.

పుస్తకం మూసి గౌను జేబులోనే పెట్టి, ఆ గౌను అన్నిటికన్న పైన సర్దాను. బయట ఆటో వచ్చింది. బెజవాడ బండికి ఇంకా గంట ఉన్నా, ఆలస్యమైపోతోందని మావారు ఒకటే కేకలు. అత్తయ్యగారు మిగిలిన చిమ్మిలి డబ్బా నా చేతిలో పెట్టి, "డబ్బా మాత్రం మళ్ళీ వచ్చేటప్పుడు మర్చిపోకుండా పట్రా" అన్నారు.